బాలాంబ కుడి మోకాలు

ముప్ఫయ్యెనిమిదేళ్ళు వరాహనరసింహం రైళ్ళని తాకి చూశాడు. అదే ఆయన ఉద్యోగం.

బండి ఖరగ్‌పూర్‌లోకి వచ్చేసరికి పట్టాలకి రెండువైపులా మనుషులు నిలబడి ఉండేవారు. చక్రాలు దొర్లుతూ వస్తుంటే చూసేవారు, వినేవారు. బండి ఆగాక ఇంజను వైపు నుంచి మొదలుపెట్టి ఆఖరి పెట్టె దాకా నడిచేవారు. ప్రతి చక్రం పక్కనా ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. ఇరుసు కొస అందులో తిరుగుతుంది. ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి వేడి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. అంతకి మించితే లోపల ఏదో అరుగుతోందన్నమాట. అలాగే వదిలేస్తే దారిలో ఇరుసు విరుగుతుంది.

పని నేర్పిన పెద్ద ఫిట్టరు సూసన్న మొదటి రోజే ఆయన చెయ్యి పట్టుకుని తిప్పాడు.

"అరచెయ్యి కాదురా. సుత్తి పట్టుకుని, స్పానరు పట్టుకుని అరచెయ్యి మొద్దయిపోతాది. ఎనక్కి తిప్పు. ఇటేపు సర్మం ఎప్పుడూ సంటిపిల్లదే."

ఇంకోటి కూడా చెప్పాడు. ఒక్క డబ్బాని తాకి ఏమీ అనకు. పక్కదాన్ని తాకు. మళ్ళీ వచ్చి దీన్ని తాకు. ఎండాకాలం అన్నీ కాలుతుంటాయి. చలికాలం అన్నీ చల్లగానే ఉంటాయి. చూడవలసింది తేడా.

అన్నేళ్ళలో వరాహనరసింహం తప్పుగా ఆపించిన బండ్లు రెండు. రెండోసారి మెయిలు నలభై నిమిషాలు నిలబడింది. డబ్బా విప్పి చూస్తే లోపల ఏ లోపమూ లేదు. మెమో ఇచ్చారు. "ఏటి నరసింహం, ఇవాళ ఏ బండికి జొరం?" అని యార్డులో ఏడాది పాటు ఏడిపించారు. ఆ రోజు ఇంటికి వచ్చి సంగతి చెబితే బాలాంబ అన్నం వడ్డిస్తూ విన్నది.

"ఆగిన బండి మళ్ళీ కదుల్తాది కదా," అంది. "తినండి."

ఆ తరవాత కూడా ఆయన అనుమానం వచ్చిన ప్రతి బండినీ ఆపించాడు. 1991లో రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి పూరీ గేట్ దగ్గర రెండు గదుల ఇంట్లోకి మారారు. ఒక్కతే కూతురు, టాటానగర్‌లో కాపురం.

ఆ ఇంటికి మారిన రెండేళ్ళకి బాలాంబ మోకాళ్ళు అరగడం మొదలైంది. ముందు కింద కూర్చోవడం పోయింది. తరవాత మెట్లు పోయాయి. తాల్‌బగీచాలో ఉన్న అక్క ఇంటికి వారం వారం నడిచి వెళ్ళే మనిషి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, అక్క రావడం కోసం చూసే మనిషి అయింది. అక్కకీ వయసైంది. రాకపోకలు తగ్గాయి.

1997 నవంబరులో కలకత్తాలో కుడి మోకాలు మార్చారు. అరిగిన ఎముక చివర్లు తీసి లోహం అమర్చారు. ఇది కుదురుకుంటే ఏడాది తరవాత ఎడమది చేస్తామన్నారు. బాలాంబ తిరుగు రైల్లోనే తన మాట చెప్పేసింది.

"ఇది నడిస్తే రెండోది ఇస్తాను. నడవకపోతే ఇంక నన్నెవరూ కొయ్యద్దు. కుర్సీలోనే ఉంటాను."

ఆవిడ అన్నమాట మార్చే మనిషి కాదని వరాహనరసింహానికి తెలుసు. ఒక్క మోకాలి మీద ఆవిడ మిగిలిన నడక అంతా ఆధారపడి ఉంది.

కూతురు వచ్చి నెల రోజులుండి వెళ్ళింది. వారానికి మూడుసార్లు ఊళ్ళోనే రైల్వే ఆసుపత్రిలో వ్యాయామం. అక్కడ కాలు పట్టుకుని వంచేవారు. బాలాంబ కొంగు నోట్లో పెట్టుకుని కొరికేది. రేపు వంచుతారనగా ఇవాళ్టి నుంచే కాలు బిగదీసుకునేది. నొప్పి మాత్రలు కడుపులో మంట పెట్టేవి. మాత్రలు తగ్గిస్తే నిద్ర పట్టేది కాదు.

అప్పుడు సరోజాదేవి వచ్చింది. ఆవిడ తెలుగు బడిలో పాతికేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. మూడు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. చేతిసంచీలోంచి బత్తాయిలు తీసి బల్ల మీద పెట్టి, మంచం పక్కన కూర్చుంది.

"రేకీ అని ఒకటుంది, అక్కయ్యా. జపాన్ వాళ్ళ విద్య. కలకత్తాలో నేర్చుకుని వచ్చాను, ఇంకొకరికి నేర్పే దాకా."

"మందా?" అంది బాలాంబ.

"మందు కాదు. చేతులు పెడతాను. అంతే."

"అంతేనా?"

"అంతే. మందులు మానద్దు. వ్యాయామం మానద్దు. ఇది వాటి పక్కన."

"నొప్పెట్టదు కదా?"

"చెయ్యి పడినట్టు కూడా తెలీదు."

బాలాంబ కాసేపు ఆవిడ చేతుల వంక చూసింది.

"అయితే పెట్టండి టీచరమ్మా. రెండు నెల్ల నుంచి ముట్టుకున్నవాళ్ళందరూ వంచడానికే ముట్టుకున్నారు."

రోజూ సాయంత్రం ఆరింటికి సరోజాదేవి వచ్చేది. తల మీద, కళ్ళ మీద, గొంతు దగ్గర, గుండె మీద, కడుపు మీద, మోకాళ్ళ మీద, పాదాల మీద చేతులు ఉంచేది. ఒక్కోచోట మూడు నిమిషాలు. మాట్లాడేది కాదు. మాట్లాడనిచ్చేది కాదు. కిటికీ బయట రిక్షా గంటలు, దూరంగా షంటింగు చప్పుడు. బాలాంబ ముఖంలో గీతలు ఒక్కొక్కటే వదులయ్యేవి. కొన్నిసార్లు నిద్రపోయేది. లేచాక వ్యాయామం చెయ్యమంటే చేసేది. మంచం అంచున కూర్చుని కాలు తనే కిందికి వంచేది. ఇంకొంచెం, ఇంకొంచెం. కొంగు నోట్లో పెట్టుకోవడం మానేసింది.

అది శక్తి చేసిందా, ఎవరో ఇరవై నిమిషాలు కదలకుండా పక్కన ఉండడం చేసిందా, ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

జనవరి మొదట్లో సరోజాదేవి అంది. "నరసింహం గారూ, పొద్దున పూట మీరు పెట్టండి. రెండు పూటలా అయితే మంచిది."

"నాకేటి తెలుసు?"

"నేర్పుతాను."

ఒక ఆదివారం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూయించింది. వెనక నిలబడి తల మీద గాలిలో ఏవో గుర్తులు గీసింది. "ఇంక మీ చేతుల్లోంచి కూడా వస్తుంది," అంది.

"ఏటి వస్తాది?"

"శక్తి."

"ఎక్కడనుంచి?"

"అంతటి నుంచీ. మీరు ఇచ్చేది కాదు. మీలోంచి పోతుంది."

ఆయన ఆలోచించాడు. "పైన కరెంటు తీగ ఉంటాది, కింద ఇంజను తీసుకుంటాది. అలాగా?"

"అలాగే అనుకోండి," అంది సరోజాదేవి నవ్వకుండా. మంచం మీద బాలాంబ నవ్వింది.

మర్నాటి నుంచి ఆరున్నరకి స్నానం చేసి వచ్చి మొదలుపెట్టేవాడు. గోడ గడియారం చూస్తూ తల నుంచి వరసగా కిందికి వచ్చేవాడు.

"నన్నూ బండి సూసినట్టే సూస్తున్నారా?" అంది బాలాంబ కళ్ళు మూసుకునే.

"అలవాటు."

"ఆఖరి పెట్టె దాకా నడవడానికి మీకు అట్టే దూరం లేదులెండి."

కానీ ఆఖరి దాకా ఎప్పుడూ వెళ్ళనివ్వలేదు. మోకాళ్ళు అయ్యాక ఆయన పాదాల వైపు జరిగితే దుప్పటి లాక్కునేది.

"పాదాలొద్దు."

"టీచరు గారు సెప్పినారు కదా, పాదాలతో పూర్తవుతాదని."

"టీచరమ్మ పెడతాది సాయంత్రం. మొగుడి సేత కాళ్ళు పట్టించుకుని నేనే నరకానికి పోవాల?"

"పట్టడం కాదిది. రేకీ."

"ఏదైతేనేం. పాదాలు పాదాలే."

నలభయ్యొక్కేళ్ళ కాపురంలో నిద్రలో తన కాలు ఆయనకి తగిలితే లేచి కళ్ళకద్దుకున్న మనిషి. ఆయన పట్టుపట్టలేదు. మోకాళ్ళ దగ్గరే ఆపేసేవాడు. సాయంత్రం సరోజాదేవి పాదాల మీద చేతులు పెట్టేది కానీ, అది చలికాలం, బాలాంబ ఉన్ని మేజోళ్ళు తీసేది కాదు. టీచరమ్మ తన వట్టి పాదాలు ముట్టుకోవడమూ ఆవిడకి నచ్చదు. "పరవాలేదు, గుడ్డ అడ్డం కాదు," అనేది సరోజాదేవి. మేజోళ్ళ మీదే ఆ మూడు నిమిషాలూ ఉంచేది.

వరాహనరసింహం బాధ వేరే. ఆయన చేతులకి ఏమీ తెలియడం లేదు.

"మోకాలి దగ్గర వెచ్చగా ఉందా? జిల్లుమంటోందా?" అని అడిగేది సరోజాదేవి.

"లేదు."

"నెమ్మది మీద వస్తుంది."

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. మొద్దుబారిన అరచేతులు బాలాంబ మీద పెట్టి కూర్చుంటే కర్ర పలకలు రెండు పెట్టినట్టుగా ఉండేది. అయినా పెట్టేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య నుదురు ఎంత వెడల్పో, గొంతు కింద ఎముకలు ఎలా కదులుతాయో ఆయన ఎప్పుడూ ఇంత సేపు చూసి ఎరగడు. కుడి మోకాలి మీద నిలువుగా కుట్లమచ్చ. దాన్ని చూస్తే మొదట్లో కళ్ళు తిప్పుకునేవాడు. ఇప్పుడు తిప్పుకోవడం లేదు.

అరచేతులు తీశాక, అలవాటు కొద్దీ, చెయ్యి వెనక్కి తిప్పి ఒకసారి కుడి మోకాలికీ ఒకసారి ఎడమ మోకాలికీ ఆనించేవాడు. అది రేకీలో లేదు. ఎవరూ చెప్పలేదు. కుడిది ఎప్పుడూ కొంచెం వెచ్చగానే ఉండేది. ఆపరేషనైన మోకాలు కొన్ని నెలలు అలాగే ఉంటుందని కలకత్తాలో చెప్పారు. రోజూ అంతే వెచ్చన. అంతే తేడా.

జనవరి చివర ఒక గురువారం పొద్దున తేడా పెరిగింది.

ఆయన చెయ్యి తీసి మళ్ళీ పెట్టాడు. ఎడమదాని మీద పెట్టాడు. కుడిదాని మీద పెట్టాడు. నిజంగానే వేడి.

ఆయనకి సంతోషం కలిగింది. ఇన్నాళ్ళకి వచ్చిందనుకున్నాడు. తన చేతుల్లోంచి ఏదో పోయి ఆ మోకాల్లో చేరిందనుకున్నాడు. కాఫీ తాగకుండానే మూడు వీధులూ నడిచి సరోజాదేవి ఇంటికి వెళ్ళాడు.

"వచ్చినాది, టీచరు గారూ. వేడి తెలిసింది."

సరోజాదేవి ముఖం వెలిగింది. "చెప్పానా! శక్తి పారుతోంది. ఆ మోకాలు తీసుకుంటోంది. ఇంక చూడండి, త్వరగా కుదురుకుంటుంది."

ఇంటికి వచ్చి బాలాంబకి చెప్పాడు. ఆవిడ కూడా సంతోషించింది. "మీరు అంత సంబరపడ్డం ప్రమోషన్‌కి కూడా నేను సూడలేదు," అంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన వాకిట్లో కూర్చున్నాడు. గూడ్సు కూత ఏదో వినిపించింది. మనసులో ఏదో కుదురుగా లేదు. కాసేపటికి అదేమిటో తెలిసింది. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో తన చెయ్యి ఏ డబ్బానీ వేడెక్కించలేదు. చెయ్యి చేసేది ఒక్కటే. ఉన్న వేడిని కనుక్కుంటుంది.

లోపలికి వెళ్ళాడు. బాలాంబ కునుకు తీస్తోంది. చెయ్యి వెనక్కి తిప్పి ఎడమ మోకాలు, కుడి మోకాలు చూశాడు. పొద్దుటికంటే పెరిగింది. చెయ్యి కొంచెం కిందికి జరిపాడు. వేడి మోకాలి దగ్గర ఆగలేదు. పిక్క ముందు ఎముక వెంబడి కిందికి ఉంది. ఆవిడ కళ్ళు తెరిచింది.

"ఏటి?"

"ఆసుపత్రికి ఎళ్దాం."

"సోమవారం పెద్ద డాక్టరు దగ్గరికి ఎలాగూ ఎళ్తాం కదా."

"ఇవాళే."

"టీచరమ్మ మంచిదన్నాది కదా."

"అన్నాది."

"మీరూ సంబరపడ్డారు కదా."

"పడినాను. తప్పు సేసినాను. లే."

రిక్షా గుమ్మం ముందు ఆగేసరికి సరోజాదేవి వచ్చింది. సంగతి విని నిలబడిపోయింది.

"మొదట్లో ఇలా వేడెక్కుతుందని మాకు చెప్పారు నరసింహం గారూ. ఒంట్లో చెడు బయటికి పోయేటప్పుడు పెరిగి తగ్గుతుందట. రెండు రోజులు చూడరాదూ? ఆవిణ్ణి అనవసరంగా కుదిపినట్టవుతుంది."

"మీరు సెప్పిందే నిజం అవొచ్చు," అన్నాడు వరాహనరసింహం. "నేను ఆపి సూస్తాను. ఏటీ లేకపోతే ఇంటికి తెచ్చేస్తాను. అంతకంటే ఏటవుతాది, డాక్టరు నవ్వుతాడు."

సరోజాదేవి తను కప్పుకున్న శాలువా తీసి రిక్షాలో బాలాంబ మోకాళ్ళ మీద కప్పింది.

ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు చిన్నవాడు. రెండు రోజులుగా ఇంటికి వెళ్ళనట్టున్నాడు. "కీ హోలో, మాసీమా?" అని బాలాంబని పలకరించాడు. ఏమైంది పిన్నీ అని అడగడం అది. తరవాత మాట హిందీలో నడిచింది.

జ్వరం చూశాడు. తొంభైతొమ్మిది. మోకాలి మీద అరచెయ్యి వేశాడు.

"కొంచెం వెచ్చగా ఉంది, దాదా. ఆపరేషనయ్యాక అలాగే ఉంటుంది. సోమవారం పెద్ద డాక్టరుకి చూపించండి."

"నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది సార్. పొద్దుటికీ ఇప్పటికీ కూడా ఉంది."

"దేనితో చూశారు?"

"చేత్తో."

డాక్టరు చిన్నగా నవ్వాడు. వరాహనరసింహం ఎదురు చూసిన నవ్వే అది. ఆయన కదలలేదు.

"నేను బండ్లు చూసేవాణ్ణి సార్. సీ అండ్ డబ్ల్యూ, అంటే పెట్టెలూ వ్యాగన్లూ చూసే విభాగం. ముప్ఫయ్యెనిమిదేళ్ళు ఇరుసు డబ్బాల వేడి చూశాను. అలా కాదు సార్. చెయ్యి తిప్పండి."

డాక్టరు నవ్వు ఆగింది. తన చేతి వంక చూసుకున్నాడు. కాలేజీలో ఎప్పుడో ఎవరో అతనికీ అదే చెప్పి ఉంటారు. చెయ్యి తిప్పాడు.

"ముందు ఎడమది," అన్నాడు వరాహనరసింహం. "ఇప్పుడు కుడిది. ఇప్పుడు మళ్ళీ ఎడమది."

డాక్టరు మూడుసార్లు చూశాడు. చెయ్యి కిందికి జరుపుతూ పోయాడు. మోకాలు, పిక్క, చీలమండ. మేజోడు పట్టుకుని లాగబోతే బాలాంబ కాలు వెనక్కి తీసుకుంది.

"మాసీమా," అన్నాడు డాక్టరు. ఆవిడ కాలు వదిలింది.

మడమ పగిలి ఉంది. చలికాలం అందరి మడమలూ పగులుతాయి. ఇది లోతుగా దిగి, అంచులు నల్లబడి, మధ్యలో చీము పట్టింది. మేజోడు దానికి అంటుకుపోయింది. డాక్టరు నీళ్ళు పోసి తడిపి తీశాడు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?"

బాలాంబ గోడ వంక చూసింది. "పది రోజులు."

"నొప్పి లేదా?"

"ఉంది."

"మరి ఇంట్లో చెప్పలేదేం?"

ఆవిడ కొంగు సర్దుకుంది. చెబితే మొగుడు పాదం పట్టుకు చూస్తాడు. అందుకని చెప్పలేదు. వరాహనరసింహానికి ఆ సంగతి అడగకుండానే తెలిసింది. తను మోకాళ్ళ దాకా చూసి ప్రతిరోజూ బండిని వదిలేశాడు.

పెద్ద డాక్టరుని పిలిపించారు. మడమలో పుట్టిన చీము పైకి పాకుతోందని చెప్పాడాయన. మోకాలి కీల్లోకి సూది గుచ్చి కొంచెం నీరు తీశారు. అది పరీక్షకి వెళ్ళింది. జవాబుకి మూడు రోజులు పడుతుంది.

"కీల్లోకి చేరకపోతే మందులతో పోతుంది," అన్నాడు పెద్ద డాక్టరు వరండాలో. "చేరితే ఆ లోహం తీసెయ్యాలి. తీశాక మళ్ళీ పెట్టగలమో లేదో ఇప్పుడు చెప్పలేను."

ఆ మూడు రోజులూ బాలాంబ చేతికి సెలైను. కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టారు. పెద్ద డాక్టరు మాట ఆయన ఆవిడకి చెప్పలేదు. ఆవిడ అడగలేదు. వార్డులో కిటికీ అవతల చెట్ల వెనక సిగ్నలు కనిపించేది. అది ఎర్రగా ఉండడం, పచ్చగా మారడం ఇద్దరూ చూసేవారు.

రెండో రోజు సరోజాదేవి వచ్చింది. మంచం కాళ్ళ వైపు నిలబడింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"రెండు రోజులు చూడమన్నాను నేను," అంది.

"నేను సూడలేదు కదా, టీచరు గారూ."

"చూసి ఉంటే?"

సరోజాదేవి కట్టు కట్టిన మడమ వంక చూసింది. చేతులు రెండూ చేతిసంచీ మీద ఉంచుకుంది. అక్కడి నుంచి తియ్యలేదు. బాలాంబ నిద్ర లేచేలోపే వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం బాలాంబ నిద్ర పట్టక అటూ ఇటూ తల తిప్పుతోంది. ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని నుదుటి మీద అరచేతులు ఉంచాడు. గడియారం లేదు. మనసులో లెక్కపెట్టుకున్నాడు.

"ఏటైనా తెలుస్తాందా?" అంది బాలాంబ కళ్ళు మూసుకుని.

"లేదు."

"నాకు తెలుస్తాంది. ఉంచండి."

ఉంచాడు. పక్క మంచం మీది ముసలావిడ బెంగాలీలో ఆయాతో అంది, చూడు, ఈ వయసులో. ఆయనకి బెంగాలీ బాగా వచ్చు. అయినా చేతులు తియ్యలేదు.

నాలుగో రోజు పొద్దున పెద్ద డాక్టరు కాయితం పట్టుకుని వచ్చాడు. కీల్లోకి చేరలేదు. "ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు," అన్నాడు. మొదటి రోజు చూసిన కుర్ర డాక్టరు ఆయన వెనక నిలబడి ఉన్నాడు. వరాహనరసింహాన్ని చూసి కుడి చెయ్యి ఎత్తి, తిప్పి, చూపించాడు.

డాక్టర్లు వెళ్ళాక బాలాంబ భర్తని అడిగింది. "సేరి ఉంటే ఏటి సేసేవారు?"

ఆయన చెప్పాడు. ఆవిడ చాలాసేపు సిగ్నలు వంక చూసింది.

"మూడు రోజులు మీరొక్కరే మోసినారా అది?"

"మరేటి సెయ్యను?"

"నేను పది రోజులు మోసినాను మడమ. సరికి సరి," అంది. కాసేపటికి ఆయన చెయ్యి లాక్కుని తన చెంప కింద పెట్టుకుంది. అరచెయ్యో, వెనకవైపో ఆవిడ చూసుకోలేదు.

పన్నెండు రోజులకి ఇంటికి పంపించారు. మడమకి రోజూ కడిగి కట్టు కట్టాలి. నర్సు వరాహనరసింహానికి ఎలా కట్టాలో చూపించింది. బాలాంబ అంతా విన్నది.

మొదటి రోజు పొద్దున ఆయన పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు, దూది, మందు, గుడ్డ పట్టుకుని వచ్చి మంచం కింద పీట వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ పాదం చీర కుచ్చెళ్ళలోకి లాక్కుంది.

"కృపమ్మని పిలుద్దాం," అంది. కృపమ్మ పక్కింటామె, ఆసుపత్రిలో కట్లు కట్టి రిటైరైన మనిషి.

"ఆవిడ కొడుకు దగ్గరికెళ్ళినాది. వచ్చే నెల వస్తాది."

"అయితే నేనే సేసుకుంటాను."

"వంగు, సూద్దాం."

ఆవిడ వంగింది. చెయ్యి పిక్క దాటలేదు. ఇంకొంచెం వంగింది. మళ్ళీ నిటారుగా కూర్చుంది.

"నాకేటీ కాదు," అన్నాడాయన. "నరకానికి పోవలసొస్తే ఆసుపత్రి కాయితం సూపిద్దువు గాని. డాక్టరు రాసినాడు కదా."

బాలాంబ నవ్వు ఆపుకుంది. కొంగు ముఖం మీద కప్పుకుంది. కొంగు లోపలి నుంచి, "ఎవరైనా వస్తారేమో, తలుపు దగ్గరగా వెయ్యండి," అంది. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. పాదం పళ్ళెంలోకి దిగింది.

ఆయన నెమ్మదిగా కడిగాడు. ఆ పాదాన్ని ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు. మట్టె ఉన్న వేలి మీద ఏళ్ళనాటి ఒరిపిడి గుర్తు. అడుగున గట్టిబడిన చర్మం. తాల్‌బగీచా దారి, బజారు దారి, కొళాయి దారి అన్నీ దాని మీద ఉన్నాయి. పగులు అంచులు ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తున్నాయి. తుడిచి, మందు రాసి, గుడ్డ చుట్టాడు. ముడి వేశాడు.

"అయ్యిందా?" అంది కొంగులోంచి.

"ఒక పాదం అయింది. రెండోది కూడా ఇయ్యి, సూస్తాను. పక్కది సూడకపోతే దీని సంగతి తెలీదు."

ఆవిడ రెండో పాదం కూడా ఇచ్చింది.

మడమ మానడానికి నెల పట్టింది. ఆ నెలలో కుడి మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంగింది. బాలాంబ గదిలో నడిచింది. వాకిట్లో నడిచింది. సరోజాదేవి మాత్రం రాలేదు. బజారులో వరాహనరసింహం కనబడితే కుశలం అడిగేది, కూరలు బేరమాడేది, వెళ్ళిపోయేది. రండి అంటే వస్తాననేది. ఆరయ్యేది. గుమ్మం దగ్గర ఎవరూ ఉండేవారు కాదు.

మార్చి నడిమికి ఒక సాయంత్రం బాలాంబ చేతికర్ర తీసుకుంది.

"ఎక్కడికి?"

"టీచరమ్మ ఇంటికి."

"మూడు వీధులు."

"తెలుసు. మీరు నన్ను పట్టుకోవద్దు. ఎనకాల రండి."

ఆయన మూడడుగులు వెనక నడిచాడు. ఆవిడ కుడి కాలు వేసేది, ఆగేది, ఎడమ కాలు లాగేది. మొదటి వీధి చివర కూరల బండి దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. అమ్మే బెంగాలీ మనిషి తక్కెడ దించి, "అరే దీదీ, హేఁటే హేఁటే?" అంది. నడిచే వచ్చారా అని. "నడిచే," అని బాలాంబ తెలుగులోనే చెప్పి ముందుకు కదిలింది. రెండో వీధిలో రెండుసార్లు ఆగింది. రెండోసారి వరాహనరసింహం చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "వద్దన్నానా," అంది.

తలుపు తీసిన సరోజాదేవి చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. తరవాత గబగబా కుర్చీ తెచ్చింది, మంచినీళ్ళు తెచ్చింది.

"నడిచా?"

"నడిచే. మీరు రాకపోతే నేనే రావాల కదా." బాలాంబ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "ఎందుకు రావడం లేదు?"

సరోజాదేవి తన చేతుల వంక చూసుకుంది. "ఇంక ఎవరి మీదా పెట్టడం లేదక్కయ్యా. ఆ పాదం మీద రోజూ చేతులు పెట్టాను. మేజోడు కింద అంత ఉంటే నాకు తెలీలేదు."

"మీకు తెలీదు. నాకు తెలుసు, సెప్పలేదు. ఈయనకి తెలిసింది, ముందు సంబరపడ్డారు. ముగ్గుర్నీ కలిపితే ఒక మనిషి తెలివి అయినాది."

సరోజాదేవికి నవ్వు రాబోయింది.

"ఇంకోటి," అంది బాలాంబ. "మీరు సెయ్యి పెట్టమనబట్టే ఈయన పొద్దున్నే నా మోకాలు పట్టుకున్నారు. అంతకుముందు నలభయ్యేళ్ళలో ఎప్పుడైనా పట్టుకున్నారేమో అడగండి."

వరాహనరసింహం గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"పట్టుకోకపోతే ఆ వేడి ఎవరికీ తెలిసుండేది కాదు. నేనిక్కడికి నడిచొచ్చేదాన్నీ కాదు. అందుకని సెప్తున్నాను, కుడి మోకాలు డాక్టర్లది. ఎడమది వచ్చే ఏడు కోయించుకుంటాను, మాటిచ్చేసినాను. అంతవరకూ అది మీది. రాత్రుళ్ళు లాగేస్తాంది. రేపు ఎన్నింటికి వస్తారు?"

సరోజాదేవి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు టీచరు గొంతు వచ్చింది.

"ఆరింటికి. ముందు రెండు పాదాలూ విప్పి చూపించాలి నాకు. చూశాకే చేతులు పెడతాను."

బాలాంబ భర్త వంక చూసింది. ఆయన ఇంకా క్యాలెండరు దగ్గరే ఉన్నాడు.

"సూద్దురు గాని," అంది. "ఇప్పుడు అందరూ సూస్తున్నారు."